ఒకటంటే పది వినిపించును

చిలకలూరిపేటలో నేను చేసిన బాక్సు మోగితే పొన్నూరులో వడ్లు ఎండబోసుకునేవాళ్లు తలెత్తి ఆకాశం వంక చూసేవారు, ఉరిమిందేమో, వాన వస్తుందేమోనని. నా బాక్సు దెబ్బకు పక్క మిల్లులో పత్తి దానంతటదే గింజ వదిలేసేదని కూడా అనేవారు. అనేవారు అంటే, ఎక్కువగా నేనే అనేవాణ్ణి.

క్యాసెట్లు వెనకబడి సీడీలు ముందుకొస్తున్న రోజులవి. హైవే పక్కన పత్తి గింజలు తీసే ఒక జిన్నింగు మిల్లు గోడనానుకుని రేకుల షెడ్డు వేసుకుని స్పీకరు బాక్సులు చేసేవాణ్ణి. ప్లైవుడ్డు కోసి, జిగురు పూసి, మేకులు కొట్టి, విజయవాడ నుంచి తెచ్చిన స్పీకర్లు బిగించి, లోపలి గోడలకు మిల్లులో దొరికే దూది పరిచేవాణ్ణి. దూది ఉంటే శబ్దం పెట్టెలోనే కొట్టుకోకుండా శుభ్రంగా బయటికొస్తుంది. పెళ్లిళ్లకూ మీటింగులకూ మైకుసెట్లు అద్దెకిచ్చేవాళ్లు వచ్చి కొనుక్కుపోయేవారు. పైన ఒక నల్లరంగు పూత, అంతే. పేరు లేదు, గుర్తు లేదు. ఎవరైనా అడిగితే "చెవులకు కళ్లుంటాయట్రా?" అని నోరు మూయించేవాణ్ణి.

అప్పుడు మా బావమరిది దిగాడు. మా ఆవిడ తమ్ముడు. పొగాకు బ్యారన్లో పని మానేసి నా దగ్గర చేరి, నాలుగేళ్లు నా చేతికింద పని నేర్చుకుని, రోడ్డుకు అటువైపు సరిగ్గా నా షెడ్డుకు ఎదురుగా కొట్టు పెట్టాడు. నాలుగేళ్లన్నది నేను అందరికీ చెప్పిన లెక్క. నిజానికి ఏడు నెలలు. అందులో నెలన్నర వాడికి పచ్చకామెర్లు.

వాడి బాక్సూ అదే ప్లైవుడ్డు, అదే స్పీకరు, అదే మిల్లు దూది. కానీ పైన రంగుకు బదులు నల్ల కార్పెట్టు గుడ్డ ముడత లేకుండా అంటించేవాడు. మూలలకు ఇనప ముక్కలు, ముందు సన్నని జాలీ. జాలీ కింద కుడివైపు బొటనవేలంత వెండిరంగు ప్లేటు, దానిమీద వాడి పేరు. ప్రతి బాక్సుకూ వాళ్లావిడ చేత ఒక గుడ్డ గలీబు కుట్టించేవాడు. కొనేవాడు వచ్చినప్పుడు ఆ గలీబు నెమ్మదిగా తీసి, భుజం మీది తువ్వాలుతో ఒకసారి తుడిచి, పక్కకు జరిగి నిలబడేవాడు. ఒక్క మాట మాట్లాడేవాడు కాదు.

నా బాక్సును జనం పుచ్చకాయను చూసినట్టు తట్టి చూసేవారు. వాడి బాక్సును నిమిరేవారు. ఆ తేడా చూసి నాకు కడుపు రగిలిపోయేది.

కుర్చీ రోడ్డు వైపు తిప్పుకుని కూర్చునేవాణ్ణి. ఎవరి ఆటో ఆగింది, ఎన్ని బాక్సులు ఎక్కాయి, ఎవడు నవ్వుకుంటూ పోయాడు, అదే చూపు. మధ్యలో పత్తి బోరాల లారీ వచ్చి అడ్డం నిలబడితే ఆ కాసేపూ ప్రాణం హాయిగా ఉండేది. లారీ కదిలితే మళ్లీ మంట.

"నీ కళ్లు అటు, చేతులు ఇటు. వేలు కోసుకుంటావ్," అనేది మా ఆవిడ.

"మీ తమ్ముడు చేసేది బాక్సా, పెళ్లికూతురా?"

"నువ్వూ చెయ్. ఎవరొద్దన్నారు?"

ఎవరూ వద్దనలేదు. ఇప్పుడు ముసలితనంలో ఒప్పుకుంటే పోయేదేముంది? పేరు లేని బాక్సు బాగా మోగితే నా గొప్ప. కాలిపోతే స్పీకరు కంపెనీ తప్పు. పేరు రాస్తే దొరికిపోతాను. ఆ భయంతోనే అన్నేళ్లు నల్లరంగు పూసుకుంటూ వచ్చాను. వాడు మొదటి బాక్సు నుంచే పేరు బిగించుకున్నాడు. నాకు కళ్లమంట వాడి వ్యాపారం మీద కంటే ఆ ధైర్యం మీదే ఎక్కువ.

ఒకరోజు ఉదయం ఒక చర్చి సంఘ పెద్దలిద్దరు వచ్చారు. ఒకరు పాస్టరు గారు, ఇంకొకరు రిటైరైన స్కూలు మాస్టారు. ముందు వాడి కొట్లో కూర్చుని, టీ తాగి, తర్వాత రోడ్డు దాటి నా దగ్గరికి. ఆ రోజుకు అదే మొదటి మంట.

"వందనాలండీ," అన్నారు మాస్టారు. "కొత్త హాలు కట్టుకున్నాం. ఎత్తు స్లాబు. ఆరు బాక్సులు కావాలి. ప్రతిష్ఠకు చుట్టుపక్కల సంఘాలన్నీ వస్తాయి."

చుట్టుపక్కల సంఘాలన్నీ! ఆ గోడమీద ఎవరి బాక్సు నిలబడితే, పల్నాడు దారి నుంచి ఒంగోలు దాకా ప్రతి హాలూ వాడిదే. ఆ మాట వినగానే నా చూపు రోడ్డు అవతలికి పోయింది. మా బావమరిది గుమ్మంలో నిలబడి ఇటే చూస్తున్నాడు. వాడికి కనపడాలని నేను తల పెద్దగా ఊపుతూ, నవ్వుతూ, మాస్టారి భుజం మీద చెయ్యి కూడా వేశాను. ఆయన ఏదో చెబుతూనే ఉన్నారు. అందులో నా చెవిన పడిన ముక్క ఒక్కటే: రీసౌండ్.

మా వైపు కుర్రకారు నోట ఆ మాట అమృతం. ఊరేగింపులో బాక్సు గుండెల మీద తన్నినట్టు మోగాలి, ఎదురు గోడకు తగిలి తిరిగి రావాలి. "రీసౌండ్ అదిరింది మామా" అంటే ఇక అంతకు మించిన మెప్పు లేదు.

"మీరు నిశ్చింతగా ఉండండి మాస్టారూ. రీసౌండ్ సంగతి నాకొదిలెయ్యండి," అన్నాను.

ఆయన సంతోషపడ్డారు. "అయితే వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక ఒక్కో బాక్సు తీసుకురండి. ఇద్దరివీ విని చూస్తాం."

ఆ వారంలో నాకూ ఒక పేరు పుట్టింది. వేరే పేరెందుకు, వాళ్ల నోటి మాటే పెడదాం! హైవే మీద లారీలకు బొమ్మలేసే పెయింటరును పిలిచి బాక్సు అప్పగించాను. మిరపపండు ఎరుపులో జానెడు అక్షరాలతో "రీసౌండ్" అని రాశాడు. అటొక తామరపువ్వు, ఇటొక తామరపువ్వు, మధ్యలో రెండు మిరపకాయలు. దిష్టికి రాక్షసుడి మొహం కూడా వేస్తానంటే, వెళ్లేది చర్చికిరా నాయనా అని ఆపాను. కింద ఒక ముక్క నేనే కట్టి రాయించాను: "ఒకటంటే పది వినిపించును".

మా ఆవిడ చూసి, "ఇదేందయ్యా, లారీ డోరు ఊడదీసుకొచ్చావా?" అంది. అసూయపడుతోందనుకున్నాను. నాకున్న జబ్బు లోకమంతటికీ ఉందనుకునే రోజులవి.

ఆదివారం హాల్లో జనం ఇళ్లకు పోకుండా కూర్చున్నారు. వెనక వరసలో మిరపకోతలకు వెళ్లే ఒక ముసలమ్మ. ఆవిడే పరీక్ష. మాస్టారు మైకులో ఒక మాట చెబుతారు, ఆవిడ విన్నది తిరిగి చెప్పాలి. మా బావమరిది ఎప్పటిలాగే గలీబు తీసి, తుడిచి, పక్కకు జరిగాడు. నేను నా బాక్సు మీది దుప్పటి ఒక్క లాగు లాగాను.

మాస్టారు కళ్లజోడు సర్దుకుని, పిల్లలకు పాఠం చదివినట్టు పైకి చదివారు.

"రీసౌండ్. ఒకటంటే... పది... వినిపించును."

ఆడవాళ్ల వైపు నుంచి మొదలైంది నవ్వు. పాస్టరు గారు చేతిరుమాలు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

"అయ్యా," అన్నారు మాస్టారు, "ఈ హాల్లో పాస్టరు గారు ఒక మాటంటే గోడలు మూడు మాటలు తిరిగి అంటున్నాయి. ఆరాధన తొమ్మిదింటికి అంటే సగం మంది పది అని విని పదింటికొచ్చారు. ఈ రీసౌండ్ పోగొట్టండి మహాప్రభో అని కదా మీ దగ్గరికొచ్చింది? మేం జబ్బు చెప్పాం. మీరు దాని పేరే రాయించుకొచ్చారు."

నవ్వనివాడు ఒక్కడే, మా బావమరిది. వాడు నవ్వి ఉంటే తిట్టుకుని ఊరుకునేవాణ్ణి. వాడు నా పక్కకొచ్చి, "బావా, మోగించి చూద్దాం, పేరుదేముంది," అన్నాడు మెల్లగా. ఆ మంచితనం నన్ను నవ్వుకంటే ఎక్కువ కాల్చింది.

పొన్నూరు సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. నా బాక్సు పొన్నూరులో ఎవరూ వినలేదు. హైవే మీద లారీ హారన్ కొడితే ఎదురు టీకొట్టువాడికే వినపడేది కాదు.

అయినా ఆ రోజు బాక్సు నా పరువు నిలబెట్టింది. ముందు వాడిది మోగింది. ముసలమ్మ సగం చెప్పి ఆగింది. తర్వాత నాది. ఆవిడ లేచి నిలబడి, "ఇదిగో, ఈ పువ్వులదే! అక్షరం అక్షరం వినపడతంది," అని అరిచింది. మాస్టారు వచ్చి నా చెయ్యి పట్టుకున్నారు. "పేరు మాత్రం చెరిపెయ్యండి," అన్నారు. చెరిపేశాను. ఆరు బాక్సులూ నావే పెట్టారు.

ఇంతవరకు రాసి, చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్న మా ఆవిడకు చదివి వినిపించాను. ఆవిడ కాయ వొలవడం ఆపలేదు.

"ఆరూ మా తమ్ముడివే. ముసలమ్మ అరిచింది వాడి బాక్సప్పుడు. నీదానికి, 'తొమ్మిదో పదో తెలట్లేదయ్యా' అని కూర్చుంది. నీది ఒక్కటి తీసుకున్నారు, అదీ వాడు మాస్టారి కాళ్లావేళ్లా పడితే. బయట చెప్పులిడిచే కాడ పెట్టారు. అది రాయి."