సొరుగులో పొట్టి స్విచ్చులు

నాలుగేళ్ళుగా నా టేబుల్ కింది సొరుగులో ఒక చిన్న అట్టపెట్టె ఉంది. చేతిలోకి తీసుకుంటే కొబ్బరిచిప్పంత బరువు కూడా ఉండదు. దాన్ని మోయలేక చస్తున్నాను.

మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియనవసరం లేదు. మార్కాపురంలో నాదొక డీటీపీ దుకాణం, అంతవరకు చాలు. మా సంఘంలో పెద్దల్లో ఒకణ్ణి. పాస్టరుగారు ఊళ్ళో లేని ఆదివారం వాక్యం చెప్పేది నేనే. బైబిల్లో, గుడారం లోపల నేల తవ్వి, తీసుకోకూడని సొమ్ము పూడ్చి, దాని మీదే పడుకున్నవాడి గురించి ఒకసారి గంటసేపు చెప్పినాను. అందరూ ఆమెన్ అన్నారు. మరుసటి రోజు వచ్చి ఈ సొరుగు ముందే కూర్చున్నాను.

సువార్తక్క నా దగ్గర టైపింగ్ చేస్తుంది. నాకంటే మూడేళ్ళు పెద్ద. త్రిపురాంతకం నుంచి రోజూ బస్సులో వస్తుంది, ఆదివారం అదే బస్సులో మా సంఘానికి వస్తుంది. పాతకాలం టైపు మిషను మీద లోయరు, హయ్యరు పాసైన చేయి ఆమెది. అట్ల నేర్చుకున్నవాళ్ళకు మీట లోపలికి దిగాలి, అడుగు తగలాలి, టక్కుమనాలి. లేకపోతే అక్షరం పడిందని వాళ్ళ వేలికి నమ్మకం కుదరదు. మామూలు కీబోర్డు మీద చాలా రోజులు అవస్థపడింది. తర్వాత హైదరాబాదులో పనిచేసే ఆమె మరిది తాను వాడి వదిలేసిన మెకానికల్ కీబోర్డు ఒకటి తెచ్చి ఇచ్చినాడు. అందులో ప్రతి మీట కింద విడిగా ఒక స్విచ్చు ఉంటుంది. లోతుగా దిగుతుంది. దిగినప్పుడల్లా టక్కుమంటుంది. ఆ రోజు నుంచి అక్కకు పట్టపగ్గాల్లేవు. మూడు పేజీల మేటరు ఇచ్చి, పోయి టీ తాగి వచ్చేలోగా కొట్టి పెట్టేది.

నా తలనొప్పి మొదలైంది కూడా ఆ రోజే.

మాది పదడుగుల గది. పలకల ఫ్యాక్టరీ లేబుళ్ళు, పెళ్ళి కార్డులు, అఫిడవిట్లు, అన్నీ ఆ టకటకలోనే. ఫోనులో అవతలి మనిషి మాట వినపడదు. ఆదివారం వాక్యం రాసుకుందామని కూర్చుంటే రెండో వాక్యానికే తెగిపోతుంది. కొంచెం మెల్లగా కొట్టక్కా అంటే నవ్వి, రేకుల మీద వడగళ్ళు పడతాండాయనుకో తమ్ముడూ అనేది. ఎన్నాళ్ళు అనుకోవాలి? మా ప్రాంతంలో వాన చినుక్కే దిక్కులేదు, నా దుకాణంలో మాత్రం రోజుకు ఎనిమిది గంటలు వడగళ్ళు.

ఆ విసుగులో ఫోనులో వెతికినాను. పొట్టి స్విచ్చులని దొరుకుతాయి. ఎత్తు తక్కువ, చప్పుడు తక్కువ, వేలు తగిలితే చాలు అక్షరం పడిపోతుంది. చాలా రకాలు ఆమె కీబోర్డుకు సరిపోవు, అడుగున కాళ్ళ వరస వేరు. వెతికి వెతికి, ఆ గుంటల్లోనే కూర్చునే రకం పట్టుకుని తెప్పించినాను.

ఒక ఆదివారం ఆరాధన అయినాక, షట్టరు సగం ఎత్తి లోపలికి పోయి మార్చినాను. చిన్న పట్టకారు లాంటి పనిముట్టు ఒకటి ఇస్తారు. మీట తొడుగు పీకాలి, కింది స్విచ్చును రెండు పక్కలా నొక్కి పైకి లాగాలి, కొత్తదాన్ని కాళ్ళు వంగకుండా నిటారుగా దించాలి. ఎనభై ఏడు మీటలు. రెండు గంటలు పట్టింది. పీకినవన్నీ పొట్టివి వచ్చిన అట్టపెట్టెలోనే పోసి సొరుగులో పెట్టినాను. అది నెలలో మొదటి ఆదివారం. పొద్దున ప్రభువు బల్లలో రొట్టె అందుకున్న చేతులే అవి.

సోమవారం అక్క వచ్చి కూర్చుంది. నాలుగు లైన్లు కొట్టి ఆగింది. మీటల మీద అరచేయి ఆనించి చూసింది.

“తమ్ముడూ, దీన్ని ఏమన్నా చేసినావా? కిందికి దిగినట్టుందే, చప్పుడూ లేదు.”

“నేనేం చేస్తానక్కా? దుమ్ముంటే దులిపినాను, చప్పుడు దానికే తగ్గిందేమో.”

“వేలు పెట్టకముందే అక్షరం పడిపోతాంది.”

“నీకే అట్ల అనిపిస్తాందేమో. షుగరు టెస్టు మళ్ళీ చేయించుకున్నావా?”

ఆ చివరి మాట నేనెందుకన్నాను? అంతకు రెండేళ్ళ ముందే ఆమెకు షుగరని తేలింది. వేళ్ళు మొద్దుబారితే వెంటనే రమ్మని డాక్టరు చెప్పినట్టు నాకు చెప్పింది ఆమే. అది గుర్తుండే అన్నానా? గుర్తుండే అన్నాను. అప్పటిదాకా కీబోర్డు వైపు చూస్తున్న మనిషి, ఆ మాటతో తల వంచి తన వేళ్ళ వైపు చూసుకుంది. సంఘపెద్ద అబద్ధం చెబుతాడని ఆమె ఎందుకనుకుంటుంది?

అప్పటి నుంచి అన్నీ తప్పులే. ఊరికే ఆనించి ఉంచిన వేలికి కూడా అక్షరం పడేది. ఒక ఆదరణ కూడిక కార్డులో చనిపోయినాయన పేరే తప్పు పడింది. ఆయన కొడుకు వచ్చి కార్డుల కట్ట కౌంటరు మీద పడేసి, మా నాయన పేరు రాయడం చేతకానోళ్ళకు దుకాణమెందుకని అడిగినాడు. అక్క లేచి నిలబడి అతనికి చేతులు జోడించింది. నేను పక్కనే ఉన్నాను. నా కీబోర్డు మీద కూడా ఆమె కొట్టి చూసింది. అది మామూలుది, చప్పిడిది, ఎప్పుడూ ఆమె చేతికి పడింది కాదు. భయంతో ఉన్న చేయి దాని మీద ఇంకా తడబడింది. ఇక రూఢి అయిపోయింది, తప్పు వేళ్ళదేనని.

ఆ నెలాఖరున గిద్దలూరులో ఆమెకు టైపింగు పరీక్ష ఉంది, ఎవరి కీబోర్డు వాళ్ళు తెచ్చుకోవచ్చు. ఒక ఆఫీసులో టైపిస్టు పోస్టు. వయసు పరిమితికి అదే ఆఖరి ఏడు. ఆ పరీక్ష ఆమెకు వడ్డించిన విస్తరే. పోలేదు. ఈ వేళ్ళతో పోయి నవ్వులపాలయ్యేదెందుకు అన్నది.

పరీక్షకు ముందు శుక్రవారం ఉపవాస ప్రార్థనలో ఆమె తన వేళ్ళ కోసం ప్రార్థించమని అడిగింది. పాస్టరుగారు నూనె రాసి, పెద్దలు వచ్చి చేతులుంచండి అన్నారు. నేను పోయినాను. ఆమె రెండు చేతులూ చాపింది. వాటి మీద నా చేతులు పెట్టి, ప్రభువా ఈ వ్రేళ్ళను ముట్టుము అని గట్టిగా ప్రార్థన చేసినాను. కన్నీళ్ళు కూడా వచ్చినాయి నాకు. దేనికి వచ్చినాయో ఇప్పటికీ తెలియదు. నోరు తెరిచి ఒక్క మాట చెబితే తీరిపోయే జబ్బుకు నేను పరలోకాన్ని పిలుస్తున్నాను.

పరీక్ష తేదీ దాటిపోయింది. ఆ తర్వాతి ఆదివారం మళ్ళీ షట్టరు సగం ఎత్తి, ఎనభై ఏడు స్విచ్చులూ పీకి పాతవి పెట్టేసినాను. పొట్టివి వాటి పెట్టెలోకి పోయినాయి. సోమవారం అక్క కూర్చుంది. ఒక లైను కొట్టింది. ఇంకో లైను. టకటకటకటక. లేచి, దుకాణంలోనే, జిరాక్సు మిషను పక్కన మోకాళ్ళూనింది.

దీనికి ముందు నా తప్పు ఒక కీబోర్డంత. దీని తర్వాత ఎంతో నేను చెప్పలేను.

ఆ వారం చివర ఆదివారం సంఘంలో సాక్ష్యం చెప్పింది. సంఘమంతా చప్పట్లు. పోయిన పరీక్ష గురించి కూడా స్తుతించింది, అది దేవుని చిత్తం కాదు, అందుకే ఆయన ఆ తలుపు మూసినాడు అన్నది. మూసిందెవరు? మూడో వరసలో కూర్చుని చప్పట్లు కొడుతున్నాను నేను. తర్వాత పాస్టరుగారు ఆమెను ఊరూరా తీసుకుపోవడం మొదలుపెట్టినారు. అర్ధవీడు సభలో ఆయన చెప్పినప్పుడు మొద్దుబారింది వేళ్ళే. పెద్దదోర్నాల చేరేసరికి మోచేతి దాకా పోయింది. ఇంకో రెండు సభలైతే పక్షవాతం చేస్తారు. అక్క మాత్రం ప్రతిచోటా లేచి, కాదయ్యగారూ వేళ్ళే అని సరిదిద్దేది. ఆమె అంత నిజాయితీ మనిషి. అది చూస్తే నాకు ఒళ్ళు మండిపోయేది. ఎవరి మీద మంట అది?

దేవుడు బాగుచేయలేడని నేననడం లేదు. చేయగలడు. నా కళ్ళతో చూసినవి ఉన్నాయి. కానీ ఆయన చేయని పనిని ఆయన పేరున చెలామణి చేసినాను. ఆయన నామాన్ని వ్యర్థంగా పలకడమంటే ఏందో పిల్లలకు ఆదివారపు బడిలో నేనే వివరిస్తాను.

ఇన్నేళ్ళూ ఒప్పుకోలేదా అంటే, ఒప్పుకున్నాను. మోకాళ్ళ మీద, ఎన్నిసార్లో. దేవుడి దగ్గర ఒప్పుకోవడం తేలిక, ఆయనకు ముందే తెలుసు. కానుకను బలిపీఠం దగ్గరే వదిలి, ముందు పోయి నీ సహోదరునితో సమాధానపడమని ఆయన ప్రతిసారీ తిప్పి పంపుతూనే ఉన్నాడు. నేను వాకిలి దాకా వచ్చి, మళ్ళీ లోపలికే పోయి ఇంకో కానుక పెడుతున్నాను.

ఇక దాచలేకపోతున్నది ఎందుకంటే, అక్క షుగరు మాత్రలు మానేసింది. ఏడాది పైనే అయిందట. వేళ్ళను బాగుచేసినవాడికి రక్తం ఒక లెక్కా అంటుంది. పోయిన వారం టీ తెప్పించినాను. నేను నా గ్లాసు అంచు పట్టుకోవడానికే చేయి మార్చుకుంటున్నాను, అంతే వేడిగా ఉన్న తన గ్లాసును ఆమె పిడికిట్లో పట్టుకుని మాట్లాడుతూ ఉంది. వేడి తెలియలేదు ఆమెకు. అరచేయి ఎర్రగా కమిలింది. రెండు లైన్లకొకసారి చేతులు విదిలించుకుంటుంది. ఈసారి స్విచ్చులు నేను ముట్టుకోలేదు. చెప్పినాను, బతిమాలినాను, ఆటో పిలిచి ఆసుపత్రికి పోదాం పదమన్నాను, విసిగిపోయి అరిచినాను కూడా. నిదానంగా నా వైపు తిరిగి అన్నది:

“నా వేళ్ళ మీద చేతులు పెట్టి ప్రార్థన చేసినోడివి నువ్వే గదా తమ్ముడూ. నీకే నమ్మకం లేకపోతే ఏంది?”



ఇంకొకటి మిగిలింది. పైన రాసింది మొత్తం మళ్ళీ చదువుకున్నాను. అంతా చప్పుడు మీద పెట్టి రాసినాను. నాలుగేళ్ళుగా నాకు నేను చెప్పుకుంటున్నదీ అదే, విసుగులో చేసిన పని అని. నిజమేనా?

స్విచ్చుల పార్సిలు వచ్చినాక పదకొండు రోజులు సొరుగులోనే ఉంది. విప్పలేదు. ఆ మధ్యలో ఒక ఆదివారం వచ్చింది, పోయింది. చప్పుడు ఆ పదకొండు రోజులూ అట్లనే ఉంది, నేను భరించినాను. శనివారం అక్కకు పరీక్ష కాల్ లెటరు వచ్చింది. మొదట నాకే చూపించింది. నాకే ఎందుకంటే, ప్రార్థన చేయమని. ఆ కాగితం మీద చేయి పెట్టి ప్రార్థన చేసినాను. చేస్తూనే లెక్కేసుకున్నాను, ఈమె పోతే ఈ దుకాణంలో ఇంత వేగంగా కొట్టేవాళ్ళు ఎవరున్నారని. మరుసటి రోజు ఆదివారం.

అదీ సంగతి. చప్పుడు కాదు. ఈ మాట ఇంతకుముందు మోకాళ్ళ మీద కూడా అనలేదు. ఇప్పుడు రాసినాక చేయి కొంచెం తేలికగా ఉంది. క్షమాపణ దొరికినట్టు కాదు. కాలికి గుచ్చుకున్న ముల్లు కొన కనబడినట్టు, అంతే.

తొమ్మిది దాటింది. ఆమె బస్సు వచ్చే వేళయింది. ఎదురుగా చెప్పే ధైర్యం నాకు లేదు. ఇదీ పిరికితనమేనని తెలుసు. కానీ మా దుకాణంలో మేటరు ఏదైనా టైపు చేసేది ఆమే. ఎవరో తెలియనివాళ్ళకని మొదలుపెట్టిన ఈ కాగితాలు ఆమె టేబుల్ మీద, మేటరు తగిలించుకునే క్లిప్పుకు పెడుతున్నాను. అట్టపెట్టెను మూత తీసి కీబోర్డు పక్కన పెట్టినాను. కింద పేరు రాయలేదు. నా చేతిరాత ఆమెకు తెలుసు.

వస్తుంది. బ్యాగు కొక్కేనికి తగిలిస్తుంది. చదవకుండానే మొదటి లైను నుంచి కొట్టుకుంటూ పోవడం ఆమెకు అలవాటు. ఇన్నేళ్ళూ ఆగితే బాగుండునని నేను విసుక్కున్న చప్పుడు అది. ఈ రోజు ఏ లైను దగ్గర ఆగుతుందో కూర్చుని వింటాను.