సీతాఫల్‌మండి గదిలో తడిచీర

దయ్యాలూ ఆత్మలూ అంటే నాకు నమ్మకం లేదు. ఎవరైనా అలాంటి కబుర్లు మొదలుపెడితే ఇప్పటికీ లేచి వంటింట్లోకి పోతాను. కాబట్టి ఇది భయపెట్టడానికి రాస్తున్నది కాదు. ఆ గది తలుచుకుంటే నాకు వచ్చేది భయం కాదు, ఒళ్లుమంట.

మాది భీమిలి. ఎండ ఎంత కాసినా సాయంత్రానికి సముద్రం గాలి తిరుగుతుంది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు జోరుగా దొరుకుతున్న రోజుల్లో మా ఆయనకి మాదాపూర్‌లో ఉద్యోగం వచ్చింది. ఊరికి రైలెక్కడానికి సికింద్రాబాద్ స్టేషన్ దగ్గరని సీతాఫల్‌మండిలో ఒక డాబా మీద గది అద్దెకు తీసుకున్నాం. పాపకి ఇంకా పళ్లు రాలేదు. చలికాలంలో చేరాం కాబట్టి ఆ గది సంగతి వెంటనే తెలియలేదు.

ఎండాకాలం వచ్చాక తెలిసింది. పైన సిమెంటు రేకులు, పడమటి గోడకి ఒకే కిటికీ. ఫ్యాన్ వేస్తే ఆ వేడే నెత్తిన కుమ్మరించేది. కూలర్ పెట్టుకుంటామంటే ఇంటాయన వైరింగు తట్టుకోదన్నాడు. రేకుల మీద సున్నమైనా కొట్టించమంటే, "మీ కోస్తా వాళ్లకి అన్నీ నాజూకే" అని నవ్వాడు. కింద ఆయన గదిలో మాత్రం ఏసీ.

మా ఆయన ఆఫీసుకి స్వెట్టర్ పట్టుకెళ్లేవాడు. అక్కడ కంప్యూటర్లు వేడెక్కకూడదట! ఇక్కడ చంటిపిల్ల ఒళ్లంతా చెమటకాయలు పేలి, ఎత్తుకున్నా పడుకోబెట్టినా ఏడుపే. నాకు తెలిసిన ఉపాయం ఒకటే, పాత నూలు చీర తడిపి కిటికీకి కట్టడం. అది కూడా చూస్తుండగానే ఆరిపోయేది.

మే నెలలో ఒకరోజు పొద్దుటి నుంచీ కరెంటు లేదు. మోటారు తిరగలేదు. పైన ట్యాంకు ఖాళీ. బిందె అడుగున మిగిలిన నీళ్లు పాపకే పట్టేశాను. కిటికీకి కట్టిన చీర అప్పడంలా ఎండిపోయింది. మధ్యాహ్నానికి పాప ఏడుపు మానేసి వేలాడిపోయింది. కిందికి తీసుకెళదామని లేచాను. కళ్లు తిరిగి గోడకి చేరగిలబడడం వరకే గుర్తు.

మెలకువ వచ్చేసరికి గది చల్లగా ఉంది. చీర అంచు నుంచి నీళ్లు టపటపా కారుతున్నాయి. పాప కిటికీ కింద హాయిగా నిద్రపోతోంది. దాని తలకి మా తువ్వాలే తడిపి, చెవులు మూసుకునేలా చుట్టి, నుదుటి మీద ముడి వేసి ఉంది. నేనెప్పుడూ అలా కట్టలేదు. కట్టడం చూడలేదు కూడా.

తలుపు లోపలి గొళ్లెం వేసినట్టే ఉంది. కుళాయి తిప్పితే బుస్సుమంది తప్ప చుక్క రాలేదు. బిందె బోర్లించి చూశాను. పొడిగా ఉంది.

పాపని ఎత్తుకుని కిందికి దిగాను. ఇంటావిడ దాని తల చూసి మెట్టు మీద కూలబడింది.

"ఎవరు కట్టిన్రు చెల్లె? గిట్ల ముడి ముంగట ఏసుడు మా అత్తమ్మదే."

అత్తగారు ఉండేది మా గదిలోనేనట. "ఎండలు షురూ అయినంక కిందికి తీస్కొద్దామంటే మా ఆయన ఇనలే. ముసల్దానికి ఏసీ పడదన్నడు. పోయిన ఎండకాలం వడదెబ్బ తగిలి గా గదిల్నే పాణం పోయింది."

నాకు వణుకు రావలసింది. రాలేదు. ఇంటాయన వచ్చేదాకా ఆ మెట్ల మీదే కూర్చున్నాను.

"ఏందమ్మా, దయ్యాలు గియ్యాలని మా ఇల్లు బద్నాం చేస్తున్నవ్?" అన్నాడు నేను చెప్పింది విని.

"దయ్యం సంగతి కాదండీ నేనడిగేది. మీ అమ్మగారు ఎండకి పోయిన గది, పసిపిల్లతో వచ్చిన నాకెలా ఇచ్చారు?"

అప్పుడే కరెంటు వచ్చింది. ఆయన లోపలికి వెళ్లి, చల్లదనం బయటికి పోకుండా తలుపు వేసుకున్నాడు.

ఆ వారంలోనే అల్వాల్‌కి మారిపోయాం. ఎండ దెబ్బకి మతి తప్పి నేనే కట్టి ఉంటానని డాక్టరు అన్నాడు. మా ఆయనా అదే నమ్మాడు. కావచ్చు, తువ్వాలు నా చేతులే కట్టి ఉండొచ్చు. మరి చుక్క నీరు లేని ఇంట్లో అంత చీర దేనితో తడిపాను? ఇన్నేళ్లుగా అడుగుతున్నాను. ఎవరూ చెప్పలేదు, నాకూ తెలియలేదు.