మా ఇంట్లో ఉన్న వార్డు మెంబరు

పోయిన గురువారం మధ్యాహ్నం కడప జిల్లా నుంచి నా ఫోన్‌కి ఒక వాయిస్ మెసేజ్ వచ్చింది. "మేడమ్, మా అక్క పోయింది. నిన్న పొద్దున గుండెల్లో నొప్పి అనింది. ఆస్పత్రికి తీస్కపోతాంటే దోవలోనే అయిపోయింది. మీకు చెప్పాల అనిపించి చెప్తాండా." అంతే. నేను మస్కట్ పక్కన అల్ అమెరాత్‌లో మా ఇంటి మెట్ల మీద కూరగాయల సంచితో నిలబడి దాన్ని మూడుసార్లు విన్నాను. అతనికి ఆమె తోడబుట్టిన అక్క. నాకు ఏమవుతుందని ఎవరైనా అడిగితే, మా ఇంట్లో పనిచేసింది అని చెప్పొచ్చు. అది అబద్ధం కాదు. కానీ అంతటితో ఆగితే నిజమూ కాదు. నేనూ ఆమెను అక్కా అనే పిలిచేదాన్ని.

ఆమె మా ఇంటికి వచ్చింది రెండువేల ఎనిమిదిలో, అమెరికాలో అధ్యక్షుడి ఎన్నికలు జరుగుతున్న ఏడాది. మాది కాకినాడ వైపు. పెళ్ళయి మస్కట్ వచ్చిన మూడేళ్ళకి, ఏడాది పాపని పెట్టుకుని, టీచర్ ఉద్యోగానికి పనికొచ్చే డిగ్రీ చేద్దామని ఒక ప్రైవేటు కాలేజీలో చేరాను. ఆ కాలేజీది అమెరికా సిలబస్. అందుకని లెక్కల టీచర్ కావాలనుకునేవాళ్ళు కూడా అమెరికా ప్రభుత్వం, రాజనీతి శాస్త్రం మొదటి పాఠాలు చదివి తీరాలి. వారానికి రెండు సాయంత్రాలు క్లాసు. మావారు సైట్ ఇంజనీరు. పొద్దున్నే సమాయిల్ సైట్‌కి వెళితే చీకటి పడ్డాకే రావడం. పాపని చూసుకోవడానికి మనిషి కావాలని తెలిసినవాళ్ళకి చెబితే, బర్కాలో ఒక ఒమానీ ఇంట్లో రెండేళ్ళు చేసి మానేస్తున్న ఆవిడ ఉందని పంపించారు.

నలభై దాటి ఉంటాయి. పొడుగ్గా, గట్టిగా ఉండేది. వచ్చిన రోజే వంటిల్లంతా ఒకసారి కలయజూసి, "ఉప్పు, కారం పక్కపక్కన పెట్టబాకమ్మా, తొందరలో చెయ్యి తప్పుద్ది" అని డబ్బాలు సర్దేసింది. బర్కా ఇంటి నుంచి నాలుగు అరబ్బీ మాటలు వెంట తెచ్చుకుంది. పని అయిపోతే "ఖలాస్" అనేది. పాప అన్నం వద్దని మొహం తిప్పుకుంటే "శ్వయ్యా, కొంచెమే, ఇంగొక్క ముద్ద" అని కొసరేది. మా పాపకి అమ్మ అన్న మాట కన్నా ముందు ఖలాస్ అన్నదే వచ్చింది.

ఆ కోర్సు పుస్తకం ఇటుకలా ఉండేది. కళ్ళతో చదివితే నాకు తలకెక్కదు. పైకి చదవాలి. వంటింట్లో గట్టు మీద పుస్తకం పెట్టుకుని చదువుతుంటే, కింద కూర్చుని కూరగాయలు తరుగుతూ అక్క వినేది. కాసేపయ్యాక, "దాన్ని తెలుగులో చెప్పుమ్మా" అనేది. తెలుగులో చెప్పబోతే నాకే అర్థం కాలేదని తెలిసేది. అలా ఆమెకి చెప్పడం కోసం నేను నేర్చుకునేదాన్ని.

ఒకరోజు మా లెక్చరరు ఒక పని ఇచ్చింది. ఆవిడ అమెరికన్, అరవై ఏళ్ళుంటాయి. ప్రజలు ఓట్లేసి ఎన్నుకున్న ప్రతినిధి ఎవరితోనైనా మాట్లాడి పది పేజీలు రాయాలి. ఇంటికొచ్చి తల పట్టుకున్నాను. "ఈ మస్కట్‌లో నాకు ఎమ్మెల్యే ఎక్కడ దొరుకుతాడక్కా?"

ఆమె బెండకాయలు తరుగుతోంది. తల ఎత్తకుండానే, "ఎమ్మెల్యేనే గావాల్నా? వార్డు మెంబరయితే పనికిరారా?" అంది.

"వార్డు మెంబరు మాత్రం ఎక్కడున్నాడు?"

"నేను చేసినా గదమ్మా ఐదేండ్లు."

నేను నవ్వాను. ఆ నవ్వు ఈవేళ తలుచుకుంటే నాకు సిగ్గుగా ఉంది. ఆమె కత్తిపీట పక్కకి జరిపింది. చేతులు తుడుచుకుని లోపలికెళ్ళి, తన సూట్‌కేసు అడుగు నుంచి ఒక ప్లాస్టిక్ కవరు తెచ్చింది. అందులో మడతలు పడి చిరగబోతున్న కాగితం. ఫలానా గ్రామ పంచాయతీలో ఫలానా వార్డుకి ఎన్నికైనట్టు ధ్రువపత్రం, కింద అధికారి సంతకం, ముద్ర. ఆడవాళ్ళకి కేటాయించిన సీటు. మొగుడు నిలబడమంటే నిలబడిందట. గెలిచాక మాత్రం మీటింగులకి మొగుణ్ణి పంపలేదు, తనే వెళ్ళింది. "కుర్చీ నాదైతే ఆయప్ప పోయి కూర్చుంటే ఎట్ల?" అంది. రెండోసారి ఓడిపోయింది. ఆ తర్వాత వేరుశనగ వరసగా రెండేళ్ళు ఎండిపోయింది. గల్ఫ్ విమానం ఎక్కింది.

ఆ పదిహేను రోజులు మా వంటిల్లే నా కాలేజీ. అమెరికాలో జనం వేసిన ఓటు నేరుగా అధ్యక్షుడికి పోదు, మధ్యలో ప్రతినిధులుంటారు, వాళ్ళు ఎన్నుకుంటారు అన్నది మా క్లాసులో సగం మందికి మింగుడు పడలేదు. అక్కకి ఒక్కసారి చెబితే చాలింది. "అంటే మా ఉపసర్పంచి ఎన్నిక మాదిరి. జనం మమ్మల్ని గెలిపిస్తారు, మేము మెంబర్లం చేతులెత్తి ఉపసర్పంచిని గెలిపిస్తాం. ఆ ముందర దినం మమ్మల్నందర్నీ కారెక్కించి తిరపతికి తీస్కపోయినారు, అవతలోళ్ళు కలవకుండా. మీ అమెరికాలో గూడా తీస్కపోతారా?" అని అడిగింది. ఆ ప్రశ్న నేను క్లాసులో అడిగాను. లెక్చరరు కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ చాలాసేపు నవ్వింది.

ప్రభుత్వంలో ఒకరి అధికారానికి ఇంకొకరు ఎందుకు అడ్డు ఉండాలో నేను రెండు పేజీలు చదివి వినిపిస్తే, అక్క ఒక్క మాటలో తేల్చేసింది. "సంతకం పెట్టేదొకరు, సాక్షిగా నిలబడేదొకరు ఉండాల. ఇద్దరూ ఒగరే అయితే అది పంచాయితీ గాదు, పెత్తనం." ఇంకోరోజు ఎందుకో తనంతట తనే అంది. "గెలిచినాక ఓటెయ్యనోళ్ళ ఇంటికి ముందు పోవాలమ్మా. ఏసినోళ్ళు ఏమనుకోరు."

నా పది పేజీలు క్లాసులో చదివించారు. "ఆమెని ఒకసారి క్లాసుకి తీసుకురా, పిల్లలకి చెబుతుంది, నువ్వు ఇంగ్లీషులో చెప్పు" అంది లెక్చరరు. సరేనన్నాను. ఇంటికొచ్చి ఆ మాట అక్కతో అనలేదు. పాపని ఎవరు చూస్తారు అని నాకు నేను సర్ది చెప్పుకున్నాను. అసలు కారణం అది కాదు. మా ఇంట్లో అంట్లు తోమే మనిషి పక్కన నిలబడి, ఆమె మాటలు నేను అనువాదం చేయడం నాకు ఇబ్బందిగా తోచింది. అప్పుడు దానికి ఆ పేరు పెట్టుకోలేదు, అంతే.

డిసెంబరు మొదట్లో ఆమె తమ్ముడు ఫోన్ చేశాడు. వాళ్ళమ్మ అన్నం మానేసింది, మంచం దిగడం లేదు. ఆ సాయంత్రం అక్క పాపకి స్నానం చేయించి తల తుడుస్తూ అడిగింది.

"అమ్మా, ఒగసారి ఊరికి పోయొస్తా. మా యమ్మ నన్ను అడుగుతాందంట."

నా పరీక్ష పన్నెండు రోజుల్లో ఉంది. "పన్నెండు రోజులే కదక్కా. పరీక్ష అయిన మర్నాడే నిన్ను పంపిస్తాను. ఈలోపు పాపని నేనెక్కడ పెట్టను?"

ఆమె పాప తల తుడవడం పూర్తి చేసింది. తర్వాత, "సరేమ్మా, రాసుకో" అంది.

ఇక్కడ ఇంకొకటి కూడా చెప్పాలి. ఆమె పాస్‌పోర్టు మా బీరువాలో ఉండేది, మా పాస్‌పోర్టులతో పాటు. మావారు జాగ్రత్త కోసమనే పెట్టారు. అప్పుడు తెలిసినవాళ్ళందరి ఇళ్ళలోనూ అలాగే ఉండేది. అది తప్పని ఆయనకీ తోచలేదు, నాకూ తోచలేదు. సంతకం, సాక్షి రెండూ మేమే అని, ఆ మాట నోట్సులో రాసుకున్న నాకే తట్టలేదు. ఇవ్వమని ఆమె గొడవ పడి ఉంటే ఇచ్చేవాళ్ళమేమో. ఆమె గొడవ పడలేదు.

పరీక్ష సాయంత్రం నాలుగింటికి. ఆ రోజు పన్నెండున్నరకి నాకు పెరుగన్నం కలిపి పెట్టింది. "తినిపోమ్మా, ఖాళీ కడుపుతో పోతే చెయ్యి వణుకుద్ది" అంది. తను తినలేదు. నేను చూశాను, అడగలేదు. తలలో ప్రశ్నలు తిరుగుతున్నాయి. బయటికి వస్తుంటే పాపని ఎత్తుకుని గుమ్మం దాకా వచ్చి, పాప చెయ్యి తనే ఊపించింది.

పరీక్ష బాగా రాశాను. అధికారానికి అడ్డు ఎందుకుండాలన్న ప్రశ్న వచ్చింది. అక్క మాటనే ఇంగ్లీషులో పెట్టి మొదలుపెట్టాను. వాదీ అదై లోయ మీదుగా టాక్సీలో తిరిగి వస్తుంటే ఎంత తేలిగ్గా అనిపించిందో. ఏడింటికి ఇల్లు చేరాను. పాప నిద్రపోతోంది. అక్క టీ తెచ్చి ఇచ్చింది.

"బాగా రాసినావామ్మా?"

"చాలా బాగా రాశానక్కా. నీ మాట కూడా రాశాను."

"మంచిది" అంది. నేను టీ తాగి గ్లాసు కింద పెట్టేదాకా ఆగింది. అప్పుడు చెప్పింది. "మా యమ్మ పోయిందమ్మా."

"ఎప్పుడు?"

"పొద్దున. పదకొండుకు ఫోనొచ్చె."

"పదకొండుకా? నాకు అన్నం పెట్టావు. నాకెందుకు చెప్పలేదక్కా?"

"చెప్తే నువ్వు పోయి రాస్తావా?" పాప మీద జారిన దుప్పటి సరిచేస్తూ అంది. "ఇన్ని దినాలు దానికోసమే గదమ్మా ఆగింది."

ఆ గొంతులో నిష్ఠూరం లేదు. ఉండి ఉంటే నేను ఇన్నేళ్ళు బతకడం కొంచెం తేలికయ్యేది.

పాస్‌పోర్టు కోసం బీరువా దగ్గరికి పరిగెత్తాను. తాళం వేసి ఉంది. తాళంచెవి మావారి గుత్తిలో ఉంది, ఆయన సమాయిల్‌లో ఉన్నారు. ఫోన్ చేస్తే వెంటనే బయల్దేరుతున్నానన్నారు. గంట పైగా పడుతుంది. నేను పిచ్చిదానిలా ఆ హ్యాండిల్ పట్టుకుని లాగుతూనే ఉన్నాను. ఆమె వచ్చి నా చెయ్యి పట్టుకుంది. "లాగబాకమ్మా. సార్ వస్తాడులే." ఇద్దరం ఆ బీరువా ముందు నేల మీద కూర్చున్నాం. ఈలోపు తమ్ముడు మళ్ళీ ఫోన్ చేశాడు. సాయంత్రమే అంతా అయిపోయిందని, ఆమె కోసం ఉంచడానికి వీల్లేకపోయిందని చెప్పాడు. ఆమె ఊ కొడుతూ విన్నది. చివర్లో, "నేనీడికి వచ్చేటప్పుడు మా యమ్మ తలగడ కింద మంగళగిరి చీర పెట్టొచ్చినా, అది కప్పినారా?" అని మాత్రం అడిగింది. అవతల ఏం చెప్పారో, ఫోన్ పెట్టేసింది.

మావారు వచ్చి, బూట్లు కూడా విప్పకుండా బీరువా తీసి, పాస్‌పోర్టు ఆమె చేతికే ఇచ్చారు. "తప్పయిపోయిందమ్మా" అన్నారు. ఆ మాట ఆయన అనగలిగారు. నేను అనలేకపోయాను.

మర్నాడు చెన్నై విమానానికి టికెట్ దొరికింది. వెళ్ళింది. మళ్ళీ రాలేదు. నా ఫలితాలు వచ్చాయి. ఆ సబ్జెక్టులో నాకే ఎక్కువ మార్కులు. ఆ కాగితం నేను ఎవరికీ చూపించలేదు.

ఏడాదికి రెండుమూడుసార్లు మాట్లాడుకునేవాళ్ళం. ఒకసారి తనే ఫోన్ చేసి, "మళ్ళా నిలబడినామ్మా, గెలిచినా" అంది. ఆ గొంతులో అంత సంతోషం నేను ఎప్పుడూ వినలేదు. "ఓటెయ్యనోళ్ళ ఇంటికి పోయొచ్చావా?" అని అడిగాను. "పోయినా. కాఫీ ఇచ్చినారు. చక్కెర ఎయ్యలేదు" అని నవ్వింది.

ఒక్కసారి ధైర్యం చేశాను. "అక్కా, ఆ రోజు నేను నిన్ను ఆపకుండా ఉంటే..." అని మొదలుపెట్టాను. "లైను సరిగా లేదుమ్మా, వినపళ్ళా" అంది. లైను చక్కగా ఉంది. వాళ్ళ ఇంట్లో ఎక్కడో కుక్కర్ కూత కూడా నాకు వినపడుతోంది. "పాప ఎంత పొడుగైంది?" అని అడిగింది. చెప్పాను. మళ్ళీ ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు. ఇంకో ఏడాది చూసి, వాళ్ళ ఊరికే వెళ్ళి ఎదురుగా కూర్చుని చెబుదామనుకున్నాను. పన్నెండు రోజులు ఆగమన్నట్టే, దీన్నీ ఆపాను.

చదువుతున్న మీకు ఆమె ముఖం ఎలా ఉండేదో చెప్పాలనుంది, కానీ నాకు అన్నిటికన్నా ముందు గుర్తొచ్చేది ఆమెను చివరిసారి చూసిన తీరే. మస్కట్‌లోని సీబ్ ఎయిర్‌పోర్టులో లోపలికి వెళ్ళే తలుపు దగ్గర పాప ఆమె మెడ వదల్లేదు. ఒక్కొక్క వేలూ మెల్లగా విడదీసి, పాపని నాకిచ్చి, "పోయొస్తామ్మా" అని లోపలికి నడిచింది. వెనక్కి తిరిగి చూడలేదు. మేము వెళ్ళిపోయామనుకుని ఉంటుంది. పాప కదలనివ్వక నేను అద్దం దగ్గరే నిలబడిపోయాను. కౌంటరు దాటాక ఆమె ఒక స్తంభం వారన ఆగింది. సంచి కింద పెట్టింది. నెమ్మదిగా నేల మీద కూర్చుని, కొంగు తల మీదుగా ముఖం మీదకి లాక్కుంది. భుజాలు కదులుతున్నాయి. మా ఇంట్లో ఒక్క చుక్క రాల్చని మనిషి. మనుషులు ట్రాలీలు తోసుకుంటూ ఆమె చుట్టూ తిరిగి వెళుతున్నారు. అద్దానికి ఇవతల నాకు ఏ చప్పుడూ వినపడలేదు. నా చంకలో పాప, ఆమె దాక్కుందనుకుని, చిన్న అరచేత్తో అద్దం మీద కొడుతూ నవ్వుతోంది.