వాషింగ్ మెషీన్ గదిలో ఒక సీజను

టిల్మన్ ఊళ్ళో ఫుట్‌బాల్‌ని వెర్లీన్ గ్రిగ్స్ కన్నా ఎక్కువ ప్రేమించినవాళ్ళు లేరు. ఆ ఏడాది ఆమెకన్నా తక్కువ చూసినవాళ్ళూ లేరు.

ఆమెకు అరవై ఒకటి. బడి వంటగదిలో ముప్ఫై నాలుగేళ్ళు పిల్లల పళ్ళేలు నింపింది. ఆ పళ్ళేల వరసలో మూడో తరగతి నుంచీ నిలబడ్డవాడే ట్రెవాన్ పెటవే. ఇప్పుడు ఓక్‌మల్గీ స్టేట్ కాలేజీ జట్టులో రిసీవర్. అంటే, నలభై గజాల అవతలి నుంచి విసిరిన బంతిని, మీద పడే ఇద్దరు ముగ్గురి మధ్యలోంచి గాల్లోకి లేచి అందుకుని గీత దాటేవాడు. అలబామాలో ఈ చివర సగం మంది వాడి అంకె ఉన్న చొక్కా తొడుక్కుని తిరుగుతున్నారు. వెర్లీన్‌కి మాత్రం వాడు వరసలో రెండోసారి వచ్చి నిలబడే పిల్లాడే. రెండోసారి పళ్ళెం పెట్టడానికి బడి రూలు ఒప్పుకోదు. అందుకని ఆమె మిగిలిన బన్నును మైనపు కాగితంలో చుట్టి, ప్రిన్సిపాలు అటు తిరగ్గానే బల్లల మీదుగా విసిరేది. వాడు కూర్చున్నచోటు నుంచి లేవకుండా ఒంటిచేత్తో పట్టేవాడు. "ట్రెవాన్‌కి పట్టడం నేర్పిందెవరు?" అని టీవీలో పెద్దమనుషులు చర్చ పెట్టినప్పుడల్లా వెర్లీన్ తనలో తను నవ్వుకునేది.

వాడికిది కాలేజీలో ఆఖరి ఏడు. వచ్చే ఏడు ఏ దూరపు నగరం జట్టో ఎగరేసుకుపోతుంది. అందుకే ఈ ఒక్క సీజను ఒక్క ఆటా వదలకుండా చూడాలని వెర్లీన్ వేసవిలోనే అనుకుంది. మొగుడు హార్లిస్ పెద్ద టీవీ తెచ్చాడు. ఎదురుగా సోఫాలో మధ్య సీటు ఆమెది.

సెప్టెంబరు మొదటి శనివారం ఆట ముగియడానికి ఇంకా నిమిషం కూడా లేదు, జట్టు నాలుగు పాయింట్లు వెనకబడి ఉంది. వెనక గదిలో వాషింగ్ మెషీన్ ఆగి కీచుమంది. తడిబట్టలు అలాగే ఉంటే వాసన వస్తాయని వెర్లీన్ లేచింది. తువ్వాళ్ళు తీస్తుండగా గోడ అవతల ఇల్లు కూలినట్టు కేక. పరుగెత్తుకొచ్చేసరికి టీవీలో ట్రెవాన్ నిదానంగా, మళ్ళీ మళ్ళీ, అదే బంతిని అందుకుంటున్నాడు. అప్పటికది జరిగిపోయింది.

రెండో శనివారం ఆమె కదల్లేదు. ట్రెవాన్ చేతుల్లోంచి రెండు బంతులు జారాయి. మరిది డోయిల్ వేయించిన కోడిరెక్క నోటి దాకా తీసుకెళ్ళి ఆగి ఆమెకేసి చూశాడు.

"వదినా, ఉతికే బట్టలేం లేవా?"

"నిన్ననే ఉతికాను."

"నా చొక్కా మాసింది చూడు," అని అక్కడికక్కడే విప్పి ఇచ్చాడు.

నవ్వుతూనే తీసుకెళ్ళింది. మెషీన్‌లో నీళ్ళు నిండకముందే ట్రెవాన్ పట్టాడు, గీత దాటాడు. పది నిమిషాల్లో ఇంకొకటి. అంతే, తీర్పు అయిపోయింది. మూడో వారానికి ఆ గదిలో మడతకుర్చీ వెలిసింది. నాలుగో వారానికి చిన్న ఫ్యాను. ఐదో వారం ఎవరూ అడక్కుండానే హార్లిస్ అరటిపండు పుడ్డింగు గిన్నె తెచ్చి మెషీన్ మీద పెట్టాడు. మన జట్టు చేతికి బంతి వస్తే వెర్లీన్ లోపలికి, పోతే బయటికి. ట్రెవాన్ మైదానంలో ఉండేది బంతి మన చేతిలో ఉన్నప్పుడే. అంటే ఆమె బయట ఉన్నంతసేపూ వాడు ఉండడు.

ఎవరూ ఆమెను తిట్టలేదు, తోసేయలేదు. గొలుసుకి నూనె రాసి, దిండు కట్టి, పుడ్డింగు పెట్టి మరీ కట్టేశారు. ప్రేమగా కట్టిన ముడి విప్పడం కష్టం, విప్పబోతే మనమే చెడ్డవాళ్ళమవుతాం.

ఆ గదిలో ఆమెకు పాత రేడియో ఒకటి దొరికింది. ఊరి రేడియో టీవీకన్నా ఎనిమిది సెకన్లు ముందుంటుంది. రేడియోలో ట్రెవాన్ పట్టాడని వినేది. అవతల మగవాళ్ళు ఇంకా ఊపిరి బిగబట్టి కూర్చుని ఉండేవాళ్ళు. ఎనిమిది అంకెలు లెక్కపెట్టేది. అప్పుడు గోడ అదిరేది. మొదట్లో ఇది సరదాగా ఉండేది. తర్వాత తర్వాత అదే చేదెక్కింది. ఏమవుతుందో తెలియకుండా, బంతి గాల్లో ఉన్న ఆ ఒక్క క్షణాన్ని, ఒక్కసారైనా కళ్ళతో చూడాలి. ఆమెకు కావలసింది అంతే. మిగతా ఊరంతటికీ శనివారం శనివారం ఉచితంగా దొరుకుతున్నది అదే.

అక్టోబరులో రెండు ఆటలు ఓడారు. మొదటిసారి గది తలుపు జానెడు తెరిచి ఉందని డోయిల్ కనిపెట్టాడు. రెండోసారి తలుపు గట్టిగానే వేసి ఉంది. అందుకని ఆట చూడ్డానికి వచ్చే చర్చి పెద్ద హోబర్ట్ కొత్త టోపీ మీద పడ్డారు. ఆయన ఆ టోపీ మళ్ళీ పెట్టలేదు. ఆదివారం అదృష్టాన్ని నమ్మడం పాపమని అరగంట చెప్పే మనిషి, శనివారం గుమ్మంలో అడుగు పెడుతూనే అడిగే మొదటి మాట "చెల్లెమ్మ లోపలే ఉందా?"

నవంబరు రెండో ఆదివారం ట్రెవాన్ ఫోన్ చేశాడు.

"వెర్లీనమ్మా, ఇరవై మూడున మా కాలేజీ మైదానంలో ఆఖరి ఆట. ఆఖరి ఏడు వాళ్ళం ఆటకి ముందు ఇంటి పెద్దవాళ్ళతో మైదానంలోకి నడవాలి. మా అమ్మమ్మ లేదు కదా. మీరొస్తారా?"

వాడిని పెంచిన అమ్మమ్మ ఒజెల్లా మార్చిలో పోయింది. వెర్లీన్ చేతికి అంట్ల సబ్బు అలాగే ఉంది.

"వస్తాను నాన్నా," అంది.

"మీకూ అంకుల్‌కీ రెండు సీట్లు. నలభై గజాల గీత దగ్గర. నా చెమట కూడా కనిపిస్తుంది."

ఆ మాట సాయంత్రానికి ఊరంతా పాకింది. బుధవారం డోయిల్, హోబర్ట్ వచ్చి వంటింటి బల్ల దగ్గర కూర్చున్నారు. హార్లిస్ కాఫీ పోసి, తను ఏ పక్షమో తెలియకుండా పొయ్యి దగ్గర నిలబడ్డాడు.

"నడిచి రా వదినా. నడవొద్దని ఎవడన్నాడు? ఆట మొదలవగానే వచ్చి కారులో కూర్చో, అంతే," అన్నాడు డోయిల్.

"కారులో కూర్చోడానికి వంద మైళ్ళు పోవాలా? నా కారు వాకిట్లోనే ఉంది."

హోబర్ట్ గొంతు సవరించుకున్నాడు. "నేను అదృష్టాలు నమ్మను చెల్లెమ్మా, నీకు తెలుసు. కానీ నువ్వు తలుపేసుకుంటే గెలిచాం, తెరిస్తే ఓడాం. దీన్ని నమ్మకమనరు, లెక్క అంటారు."

"మరి మీ టోపీ ఏ లెక్కలో పోయింది అన్నయ్యగారూ?"

డోయిల్‌కి నవ్వొచ్చి కాఫీ పొలమారింది. తుడుచుకుని మళ్ళీ అసలు మాటకొచ్చాడు. "సరే. నువ్వు చూస్తుండగా వాడు బంతి వదిలేశాడనుకో. ఏం చేస్తావ్?"

"వదిలేస్తే వదిలెయ్యడమే చూస్తాను. నా సీట్లో కూర్చుని చూస్తాను."

వాళ్ళు మిగిలిన కాఫీ తాగేసి లేచారు. హార్లిస్ కప్పులు కడుగుతూ అన్నాడు, "నేను వద్దనట్లేదు వెర్లీ. ఆలోచించమంటున్నాను, అంతే." నలభై ఏళ్ళ కాపురంలో అతను వద్దన్నది ఏదీ లేదు. ఆలోచించమన్నవి మాత్రం చాలా ఉన్నాయి, ఆమె చెయ్యకుండా వదిలేసినవి కూడా సరిగ్గా అవే.

ఇరవై మూడున ఆమె చర్చికి కట్టుకునే నీలం గౌను వేసుకుంది. మైదానంలోకి నడిచేటప్పుడు ట్రెవాన్ ఆమె చెయ్యి తన మోచేతిలో బిగించుకున్నాడు. డెబ్బై వేలమంది అరుస్తుంటే వాడు వంగి చెవిలో అన్నాడు, "బన్ను తెచ్చారా?"

"తెచ్చేదాన్నే. గేటు దగ్గర సంచీ వెతుకుతారన్నారు."

వాడు పకపకా నవ్వాడు. ఆ నవ్వు పెద్ద తెర మీద పడింది. అంతదాకా బాగానే ఉంది.

ఆట మొదలైంది. ఆమె సీట్లోనే ఉంది, నలభై గజాల గీత దగ్గర. హార్లిస్ పక్కనే, మోకాలు ఆడిస్తూ. మన జట్టు చేతికి బంతి వచ్చింది. మూడో ఎత్తుకే ట్రెవాన్ వైపు విసిరారు. బంతి గాల్లో ఉంది, ఏమవుతుందో ఆమెకు తెలియదు, మూడు నెలలుగా కోరుకున్న క్షణం అదే. బంతి వాడి రెండు అరచేతుల్లో పడి, సబ్బుముక్కలా జారి నేల మీద దొర్లింది.

హార్లిస్ ఆమెకేసి చూడలేదు. తెర కేసి, ఆకాశం కేసి, ముందువాడి టోపీ కేసి చూశాడు. ఆ చూడకపోవడం డోయిల్ మాటలన్నిటికన్నా గట్టిగా తగిలింది. వదిలేస్తే వదిలెయ్యడమే చూస్తానని వంటింట్లో చెప్పిన మనిషే, పది నిమిషాలు గట్టిగా పళ్ళు బిగించి కూర్చుని, బంతి మళ్ళీ మన చేతికి రాగానే లేచింది.

"బాత్రూంకి వెళ్ళొస్తా."

హార్లిస్ దారి ఇవ్వడానికి మోకాళ్ళు పక్కకి లాక్కున్నాడు. అవసరమైనదానికన్నా కాస్త తొందరగానే.

గ్యాలరీ కింద పొడుగాటి సిమెంటు వసారా. ఉడికించిన వేరుశెనగల వాసన, చెత్తడబ్బాలు, ఒక గోడకి ఆనించిన తడిగుడ్డ కర్రలు. నెత్తి మీద వేలమంది కాళ్ళ చప్పుడు. వెర్లీన్ ఆ కర్రల పక్కన గోడకి ఆనుకుని నిలబడింది. ఇక్కడ తలుపేసినవాళ్ళు ఎవరూ లేరు. అసలు తలుపే లేదు.

నేల తుడిచే ఆవిడ రెండుసార్లు ఆమెను దాటుకుని వెళ్ళి, మూడోసారి ఆగింది. "టిక్కెట్టు పోయిందా అక్కా?"

"లేదు. ఉంది." తీసి చూపించింది.

"నలభై గజాల సీటు పెట్టుకుని ఇక్కడేం చేస్తున్నావ్?"

వెర్లీన్ చెప్పింది. తువ్వాళ్ళ దగ్గర్నుంచి మొదలుపెట్టి మొత్తం. ఆవిడ కర్ర మీద గడ్డం ఆనించి విన్నది.

"ఇరవై రెండేళ్ళుగా నేను ఈ గోడ కిందే ఉన్నాను," అంది చివరికి. "ఒక్క ఆటా చూడలేదు. నేనిక్కడ ఉండగా గెలిచారు, ఇక్కడ ఉండగానే చిత్తుచిత్తుగా ఓడారు కూడా. పైకి పో అక్కా. తడినేల మీద నిలబడ్డావ్, జారతావ్."

వెర్లీన్‌కి అది సబబుగానే తోచింది. తోచినా కాళ్ళకి చేరడానికి గంటన్నర పట్టింది. ఆఖరి నిమిషాల్లో, మూడు పాయింట్లు వెనకబడ్డారని మైకులో విని, ఆమె వాలుదారి ఎక్కి గ్యాలరీ ద్వారం దాకా వచ్చింది. తలల మధ్య కిటికీ అంత పచ్చిక. ఆ పచ్చికలో, ఈ పక్క చివర, ట్రెవాన్. వంగి, వేళ్ళు ఆడిస్తూ నిలబడి ఉన్నాడు. బడిలో వరసలో నిలబడ్డప్పుడూ అలాగే వేళ్ళు ఆడించేవాడు.

బంతి కదిలింది. వాడు పరుగెత్తాడు. విసిరేవాడు చెయ్యి వెనక్కి తీశాడు.

వెర్లీన్ వెనక్కి తిరిగిపోయింది. ఎవరూ తిప్పలేదు. సిమెంటు గోడకి ముఖం పెట్టి, ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టింది. నాలుగు అనేలోపే గ్యాలరీ అంతా లేచి అరిచింది. ఆ అరుపును ఆమె ఎరుగును, మూడు నెలలు గోడ ఇవతలి నుంచి విన్న అరుపే. కళ్ళ వెంట నీళ్ళు కారాయి.

ఆట అయ్యాక ఆటగాళ్ళు కంచె దగ్గరికి వచ్చారు. ట్రెవాన్ చెమటతో, మోకాలు గీసుకుపోయి, ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"చూశారా వెర్లీనమ్మా?"

"చూడకుండా ఎలా ఉంటాను నాన్నా. ఎంత బాగా పట్టావు, అందరి నెత్తి మీదుగా."

వాడి చెయ్యి ఆమె చేతిలోనే ఉంది.

"ఆ ఆఖరిది నేను కాదమ్మా," అన్నాడు మెల్లగా. "ఇద్దరు నా మీదికొచ్చారు. అందుకని అవతల పక్క కుర్రాడు ఖాళీ అయ్యాడు, వాడికి వేశారు. నేను ఉత్తినే పరుగెత్తాను, అంతే."

ఎందుకు చూడలేదని వాడు అడగలేదు. ఊరు వాడిది కూడా. మడతకుర్చీ సంగతి వాడి చెవినా పడే ఉంటుంది. కంచె మీదుగా వంగి ఆమెను కావలించుకుని, "ఇంటికి జాగ్రత్తగా వెళ్ళండి," అని వెళ్ళిపోయాడు.

తిరుగుదారిలో యాభై మైళ్ళు గడిచాక హార్లిస్ అడిగాడు. "ఎక్కడున్నావ్?"

"కింద."

"మంచిపని చేశావ్," అన్నాడు. మనస్ఫూర్తిగానే అన్నాడు.

జనవరి ఒకటిన జట్టుకి ఇంకో ఆట ఉంది, సీజను చివర పరువు కోసం ఆడేది. ట్రెవాన్ ఆడలేదు. పెద్ద జట్లు ఎంచుకునే వేళకి కాలో చెయ్యో విరగ్గొట్టుకోకుండా ఉండాలని పేరున్న కుర్రాళ్ళు ఇలాంటి ఆటలు మానేస్తారు. తెలివైన పని, ఎవరూ తప్పుపట్టలేదు. డోయిల్ సోఫాలో మధ్య సీటు దులిపి చూపించాడు.

"ఇవాళ హాయిగా కూర్చో వదినా. వాడు లేడుగా."

వెర్లీన్ కూర్చుంది. కెమెరా ఒకసారి ట్రెవాన్‌ని చూపించింది, గీత అవతల కోటు వేసుకుని, జేబుల్లో చేతులు పెట్టుకుని. మన జట్టు చేతికి బంతి వచ్చింది. వెనక గదిలోంచి సన్నగా గొంతు వినిపిస్తోంది, పొద్దున బట్టలు వేస్తూ రేడియో ఆపడం మరిచిపోయింది. టీవీలో ఇంకా విసరని బంతిని ఎవరో వదిలేశారని ఆ గొంతు చెప్పేసింది.

ఆమె లేచింది.

"ఎక్కడికి?" అన్నాడు డోయిల్, కళ్ళు తెర మీదే ఉంచి.

"రేడియో ఆపొస్తా."

మడతకుర్చీ గోడకి ఆనించే ఉంది. దాన్ని తెరిచి కూర్చుని, రేడియో గొంతు కాస్త తగ్గించి, తలుపు దగ్గరికి వేసుకుంది. ఆమె తిరిగి రాలేదన్న సంగతి ఆట మూడో భాగం దాకా ఎవరూ గమనించలేదు.