జవాబు లేని నవల

దిల్‌సుఖ్‌నగర్ చీరల షాపులో నాతో పనిచేసిన అక్క, మధ్యాహ్నం అన్నం తింటూ క్రైమ్ నవలలు చదివేది. హంతకుడెవరో సగంలోనే కనిపెట్టి నాకు చెప్పేది. అప్పటికి ఆరేళ్ల కిందట ఆమె భర్త ఎల్‌బీ నగర్‌లో బస్సెక్కి, మళ్లీ ఇంటికి రాలేదు.

అట్ట మీద సస్పెన్స్ అని ఉంటే, లోపల చూడకుండా ఆమెకో నవల కొనిచ్చాను. రెండు రోజులకే తిరిగిచ్చేసింది.

"ఏందక్కా, నచ్చలేదా?"

"మొగుడు తప్పిపోతడు. చివర్ల ఒస్తడు, ఆమె గట్టిగ పట్టుకుంటది, అయిపాయె. గిన్నేండ్లు యాడున్నడో రాయనే లేదు."

"అయితే ప్రేమకథేనేమో అక్కా."

"నాకు ప్రేమెందుకు? ఆయన రాకున్నా మంచిదే, ఏమైండో తెలిస్తే చాలు."

ఆ తర్వాత ఆమె చేతిలో పుస్తకం చూడలేదు. నేను ఆ షాపు మానేసి చాలాకాలమైంది. మొన్న మెట్రోలో కనిపించింది. నేనేమీ అడగకముందే, "ఇంకా ఏం తెల్వలే" అంది.