రెండో సీసా

కమలాపండు ఒలిచిన వాసన ఎక్కడ తగిలినా నాకు పండు గుర్తు రాదు, మా చెల్లెలు బుజ్జి మందు సీసా గుర్తొస్తుంది.

అడవి అంచున ఉన్న కొంటా అనే ఊళ్లో మా కిరాణా కొట్టు, వెనకే ఇల్లు. ఎండాకాలం వచ్చిందంటే అడవి ఊళ్లవాళ్లు గంపలతో తెచ్చే ఇప్పపూల మత్తు వాసన, చింతపండు పులుపు, బెల్లం దిమ్మల మీద ముసిరే చీమలు, నాయనమ్మ ఎండబెట్టిన మామిడి ఒరుగులు, అన్నీ ఇంటినిండా ఉండేవి. నేనూ బుజ్జీ ఖాళీ గోనెసంచుల్లో దూరి దాగుడుమూతలు ఆడేవాళ్లం. మూడేళ్లది, నవ్వు ఆపుకోలేక ఇట్టే దొరికిపోయేది. ఒక్కోసారి మాత్రం సంచిలో ఏ చప్పుడూ ఉండేది కాదు. తీసి చూస్తే మూతి ఒక పక్కకు లాగి, కుడిచెయ్యి ఒక్కటే కొట్టుకుంటూ, కళ్లు నన్ను దాటి ఎటో చూస్తుండేవి. కాసేపటికి తేరుకుని, ఏమీ ఎరగనట్టు బెల్లం అడిగేది.

రోజూ ఇచ్చే మందుతో ఈ మూర్ఛలు తగ్గాయిగానీ పోలేదు. జగదల్‌పూర్ డాక్టరు ఇంకో మందు రాసి, పాతది మానకుండా దానితోపాటే ఇవ్వమని మరీ మరీ చెప్పాడు. నాయన బుద్ధిగా తలూపాడు. కానీ మా కొట్టుకు ఒక పద్ధతుంది, పాత బస్తా అడుగంటనిదే కొత్తదాని కుట్టు విప్పరు.

“ఒకటి ఉండంగనే ఇంకోటి మూత తీసుడేంది? ఖరాబైతది,” అంది నాయనమ్మ.

“డాక్టర్ సాబ్ రెండూ ఇయ్యమన్నడు గదా,” అని అమ్మ గొణిగింది.

“పాతది ఒడవనియ్యి,” అన్నాడు నాయన.

పాత సీసా ఖాళీ అయ్యాక కొత్తది తీశారు. కమలాపండు వాసనకు బుజ్జి ఎంత సంబరపడిందో, చెంచా కూడా నాకేసింది. పాతది మళ్లీ తేలేదు. కొన్నాళ్లకు, సంత రోజు, కాటా పక్కన ఆడుకుంటూ పడిపోయింది. ఈసారి ఒక్క చెయ్యి కాదు, ఒళ్లంతా కొట్టుకుంది, ఆగలేదు. భద్రాచలం దారిలో, జీపులో, అమ్మ ఒడిలోనే పోయింది. పాత మందు ఉన్నట్టుండి ఆపడం వల్లే ఇలా అయ్యుంటుందని అక్కడి డాక్టరు నాయనతో అన్నాడు. ఆయన మీద నాకు ఇప్పటికీ కోపముంది, జాలీ ఉంది, ఏది ఎక్కువో తేల్చుకోలేను.

ఇప్పుడు ఇప్పపూల గంపలు మా గుమ్మానికి రావు. గోనెసంచులు పోయి ప్లాస్టిక్‌వి వచ్చాయి, నాయనమ్మ లేదు. మొన్న నేను వెళ్లేసరికి, బియ్యం బస్తా సగం ఉండగానే నాయన ఇంకోదాని కుట్టు విప్పుతున్నాడు.

“ఏంది సేటూ, గది ఒడవనే లేదు గదా,” అని కొనడానికొచ్చినాయన నవ్వాడు.

“రెండూ ఉండాలె,” అన్నాడు నాయన, తలెత్తకుండానే.