ఎండు వేప, గ్రూపులో లొల్లి

మా ఆయన చెట్లు కొడతాడు. కొట్టడం ఒక్కటే కాదు, కరెంటు తీగల మీద వాలిన కొమ్మలు తీయడం, గోడను నెట్టేస్తున్న చెట్టును ముక్కలు ముక్కలుగా కిందికి దించడం, కొబ్బరిచెట్లకు ఎండిన మట్టలు లాగడం, అన్నీ చేస్తాడు. వరంగల్‌లో ఈ పని వాళ్ల నాన్న చేశాడు, ఇప్పుడు ఆయన చేస్తున్నాడు. చెట్టు మీద ఎంత ధైర్యస్థుడో మాటల్లో అంత పిసినారి. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆయన మాట్లాడినవన్నీ రాసినా బస్సు టికెట్టు వెనకాల పట్టేస్తాయి.

అందుకని ఫోను నా చేతిలో ఉంటుంది. నేను రఘునాథపల్లిలో ఇంటర్ దాకా చదువుకున్నాను. పని చెప్పేవాళ్లతో మాట్లాడటం, ఆయనతో వెళ్లి చెట్టు ఫొటోలు తీయడం, కిందనుంచి తాడు పట్టుకోవడం నా పని. ఫోన్లో పేరు ఆయనది, నడుముకు తాడు కట్టుకుని కొమ్మ మీద నిలబడ్డ ఫొటో ఆయనది. మాటలు మాత్రం నావి. ఈ సంగతి బయటివాళ్లకు తెలియదు. ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

హన్మకొండలో నర్సరీ నడిపే ఒకాయన చెట్ల పని చేసేవాళ్లందరినీ కలిపి ఒక వాట్సాప్ గ్రూపు పెట్టాడు. మాలాంటి చెట్టెక్కేవాళ్లు, రంపం మిషన్లు బాగుచేసేవాళ్లు, కాలేజీలో మొక్కల పాఠం చెప్పి రిటైరైన ఒక సారు, పక్షుల ఫొటోలు తీసే ఇద్దరు ముగ్గురు అందులో ఉన్నారు. ఈ చెట్టెక్కేవాళ్లే హోటల్ దగ్గర ఎదురుపడితే ఎంత మర్యాదో! “నువ్వు తాగన్నా” అంటే “లే లే, ముందు నువ్వు తాగు” అని చాయ్ చల్లారిపోయేదాకా బతిమాలుకుంటారు. గ్రూపులో మాత్రం ఎవరైనా తను చేసిన పని ఫొటో పెడితే చాలు, ఎక్కడెక్కడివాళ్లూ లేచి కూర్చుంటారు. “గట్ల కోస్తరా?” “నీకు పని నేర్పినోడెవడు?” “చెట్టుకు గుండు గీకినవా, తిరుపతి పంపుతానవా?” అందరిలోకీ నోరు పెద్దది పరకాల మేస్త్రీది. మేము ఆయన ముఖం ఎన్నడూ చూడలేదు. ఫొటో ఉండాల్సిన చోట ఒక గొడ్డలి బొమ్మ ఉండేది. దాన్నిబట్టి మనిషిని ఊహించుకున్నాను.

ఎండలు ముదురుతున్న రోజుల్లో మట్టెవాడ నుంచి పని వచ్చింది. ఒకే వాకిలి, రెండిళ్లు, ఇద్దరు తోడికోడళ్లు. వాకిలి మధ్యలో ఎండిపోయిన వేపచెట్టు. వాకిలంతా సిమెంటు పోయించినప్పుడు మొదలు చుట్టూ జానెడు జాగా కూడా వదల్లేదట, మెల్లగా ఎండుతూ వచ్చి చచ్చిపోయింది. కిందటి వారం ఒక కొమ్మ విరిగి చిన్నకోడలి స్కూటీ సీటు మీద పడింది. అందుకని ఆమె కొట్టించాలంది. చెట్టు తొర్రలో రామచిలుకలు పిల్లల్ని చేశాయి. అందుకని పెద్దకోడలు కొట్టొద్దంది. ఇద్దరికీ ఎన్నాళ్లుగా మాటల్లేవో గానీ, ఆ రోజు ఇద్దరూ మా ఆయనతోనే మాట్లాడారు, ఒకరికొకరు బాగా వినబడేలా.

“అన్నా, చెట్టు సచ్చిపోయిందని ఆమెకు చెప్పు,” అంది చిన్నామె.

“తమ్మీ, అండ్ల ఉన్న పిల్లలు సావలేదని ఆమెకు జెప్పు,” అంది పెద్దామె.

“రేపు కొమ్మ నా నెత్తి మీద పడితే ఎవలు జవాబుదారో అడుగన్నా.”

“ఎండిన చెట్టు కింద స్కూటీ పెట్టుమని ఎవలు చెప్పిండ్రో అడుగు తమ్మీ.”

మా ఆయన అటు చూశాడు, ఇటు చూశాడు, చివరికి చెట్టును చూశాడు. “రెండ్రోజుల్ల చెప్త,” అన్నాడు. ఆ రోజుకు ఆయన కోటా అయిపోయింది.

ఇంటికి వచ్చి, ఆయన రంపానికి సాన పట్టుకుంటుంటే, నేను చెట్టు ఫొటో గ్రూపులో పెట్టాను. “తొర్రలో చిలుక పిల్లలున్నయి. మోడు ఉంచాల్నా, కొట్టాల్నా? పెద్దలు సలహా ఇయ్యాలె,” అని మర్యాదగానే రాశాను.

పక్షుల వాళ్లు వెంటనే ఉంచాలన్నారు. ఎండిన చెట్టే పక్షులకు ఇల్లని, మనుషులు స్కూటీలు వేరేచోట పెట్టుకోవచ్చని అన్నారు. రంపాల వాళ్లు కొట్టాలన్నారు. రిటైరైన సారు పన్నెండు అంశాలతో ఒక వ్యాసం పెట్టి, అందులో రెండు పక్షాలకూ మద్దతిచ్చాడు. ఇంతలో పరకాల మేస్త్రీ దిగాడు.

“ఫోటో తీసినోనికి కండ్లున్నయా, గోలీలున్నయా? మొదట్ల కుక్కగొడుగులు కనబడ్తలేవా? గసుంటి చెట్టు ఎక్కుదామనుకునేటోడు ఇంట్ల కూసోని ఉల్లిగడ్డలు కోసుకోవాలె.”

ఫొటో తీసింది నేను. ఉల్లిగడ్డలు కోసేదీ నేనే. రెండూ తగిలాయి. పైగా మా ఆయన ఆ చెట్టు ఎక్కుతానని ఎక్కడా అనలేదు. ఆయన పేరు మీద జవాబు కొట్టాను: “ఎక్కుతనని ఎవలు చెప్పిండ్రు? చదువొస్తే చదువు, రాకుంటే గొడ్డలి బొమ్మ పెట్టుకోని గమ్మున ఉండు.”

“నువ్వు ఎక్కితే చెట్టే శరమొచ్చి పడిపోతది,” అన్నాడు.

“పరకాలల చెట్లు నిన్ను చూసి ముందుగాలనే ఎండిపోయినయట,” అన్నాను.

నవ్వే బొమ్మలు వరసగా పడ్డాయి. ఎవరో ఏమీ చూసుకోకుండా మధ్యలో గులాబీ పువ్వుతో శుభోదయం పెట్టాడు, అప్పుడు సాయంత్రం ఐదైంది. నర్సరీ ఆయన “సభ్యులు సంయమనం పాటించగలరు” అని మూడుసార్లు రాసి, నాలుగోసారికి ఓపిక నశించి, అడ్మిన్లు తప్ప ఎవరూ రాయకుండా గ్రూపుకు తాళం వేశాడు. ఆఖరి మాట నాదే. నాకెంత సంతోషమైందో చెప్పలేను. ఆ పూట పప్పులో ఉప్పు మరిచిపోయాను. మా ఆయన అలాగే తిన్నాడు.

మర్నాడు పెట్రోలు బంకు దగ్గర ఒక తోటి పనివాడు ఆయన భుజం తట్టి, “మస్తుగ ఇచ్చినవన్నా!” అన్నాడట. ఈయన ఇంటికొచ్చి, “నేనెవలికి ఏమిచ్చిన?” అని అడిగాడు. నేను గిన్నెలు తోముతూ నీళ్ల చప్పుడు పెంచాను.

మూడో రోజు పొద్దున మా గేటు ముందు పాత మోటార్ సైకిల్ ఆగింది. దిగిన మనిషి సన్నగా, పొట్టిగా, తెల్ల గడ్డంతో ఉన్నాడు. ఒక కాలు కొంచెం ఈడుస్తున్నాడు. భుజాన తాడు చుట్ట, చేతిలో గుడ్డసంచి. “పరకాల నుంచి వచ్చిన. నర్సరీల అడిగితే ఇల్లు చెప్పిండ్రు,” అన్నాడు. నేను వంటింట్లోకి వెళ్లిపోయి తలుపు పక్కన నిలబడ్డాను. సంచిలో ఏముందోనని సందులోంచి చూశాను.

సంచిలో చింతచిగురుంది. దాన్ని మా ఆయన చేతిలో పెట్టి, “బేటా, మొన్న నేను జర ఎక్కువ మాట్లాడిన. మాఫ్ చెయ్యి,” అన్నాడు.

మా ఆయన చిగురును చూశాడు, ఆయనను చూశాడు. “మీరెవలు కాకా?”

“గదే బేటా, గ్రూపుల. నువ్వు నన్ను తిట్టినవు గద.”

“నేనా?”

ముసలాయన ముఖం మాడిపోయింది. తిట్టి మరచిపోవడం తిట్టడం కన్నా పెద్ద అవమానమనుకున్నాడేమో. జేబులోంచి ఫోను తీసి, కళ్లద్దాలు పెట్టుకుని, మొత్తం చదవడం మొదలుపెట్టాడు. తను రాసినవీ చదివాడు, నేను రాసినవీ చదివాడు, బడిలో పిల్లలు పాఠం అప్పగించినట్టు ఒక్కొక్క అక్షరం. రాసేటప్పుడు నాకు మెరుపుల్లా కనిపించిన మాటలు ఆయన గొంతులో చప్పగా, రోతగా వినిపించాయి. ‘పరకాలల చెట్లు’ దగ్గరికి వచ్చేసరికి ఆగి, కళ్లద్దాలు తుడుచుకుని, మళ్లీ చదివాడు. నేను తలుపు చాటున కొంగు నోట్లో కుక్కుకున్నాను. నవ్వు కాదు, సిగ్గు.

అంతా విని మా ఆయన, “కాకా, ఇవి నా మాటలు కావు. నాకు ఇన్ని మాటలు రావు,” అన్నాడు. అని వంటింటి వైపు చూశాడు.

ఇక బయటికి రాక తప్పలేదు. చాయ్ గ్లాసులు పట్టుకుని వచ్చాను. చేతిలో ఏదో ఒకటి లేకపోతే నిలబడలేననిపించింది.

“కాకా, రాసింది నేను,” అన్నాను.

ఆయన నన్ను కిందినుంచి పైదాకా చూశాడు. “నువ్వా బిడ్డా? మూడు దినాల సంది నాకు అన్నం సయిస్తలేదు. మా ఇంటామె మాట్లాడు మాట్లాడని పంపింది. ఒక ఆడిబిడ్డ ఇంత మాటంటదని...” అని ఆగి, మెల్లగా నవ్వడం మొదలుపెట్టాడు. “మంచిగ రాసినవ్ గానీ. పరకాలల చెట్లు ఎండిపోయినయట!”

“ఉల్లిగడ్డలు కోసుకోమన్నరు గద. కోపమొచ్చింది.”

అప్పుడాయన పంచె కొంచెం పైకి లాగి కాలు చూపించాడు. మోకాలి కింద ఎముక వంకర తిరిగి అతుక్కుంది. ఎప్పుడో ఎండిన చింతచెట్టు ఎక్కాడట. పైన గట్టిగానే ఉంది, మొదట్లో కుక్కగొడుగులున్నాయి. అవి మొలిచాయంటే లోపల పుచ్చిందని అర్థమట. చెట్టు మొదలుకంటా విరిగి ఆయనతో సహా పడింది. ఆరు నెలలు దవాఖాన, మంచం. “నీ ఫోటోల అవే కనబడ్డయి. పొల్లగాడు ఎక్కుతడేమోనని పానం గుంజింది,” అన్నాడు.

“ఆ మాట గట్లనే రాయొచ్చు గద కాకా?”

“ఫోన్ల గట్ల ఎట్ల రాస్తరు బిడ్డా? ఫోన్ల తిట్టుడే అస్తది.”

చాయ్ తాగి ముగ్గురం మట్టెవాడ వెళ్లాం. కాక చెక్క సుత్తెతో మొదలు చుట్టూ కొడుతూ చెవి పెట్టి విన్నాడు. ఒకచోట టక్‌మంది, ఇంకోచోట ఖాళీ డబ్బాలా మోగింది. తోడికోడళ్లిద్దరూ చెరో గడపలో నిలబడ్డారు.

“సగం బోలు. నిలువుగ ఉంచరాదు,” అన్నాడు కాక.

“విన్నదా అని అడుగన్నా!” అంది చిన్నామె.

“ఇయ్యాల కొట్టరాదు గూడ. పిల్లలకు రెక్కలు రాలే,” అన్నాడు కాక.

“ఇప్పుడు ఆమె విన్నదా అని అడుగు తమ్మీ!” అంది పెద్దామె.

కాక ఇద్దరి మీదా గయ్యిమన్నాడు. “నడుమ ఈ పొల్లగానితోని ఎందుకమ్మా? మీ ఇద్దరికి నోళ్లు లేవా?” గ్రూపులో రాసే గొంతే అది, అక్షరం తేడా లేదు. ఇద్దరూ ఉలిక్కిపడి లోపలికెళ్లి, చెరో చెంబుతో మంచినీళ్లు పట్టుకొచ్చారు.

ఆ రోజు కాకా మా ఆయనా కలిసి చెట్టు ఎక్కకుండా పని చేశారు. డాబా మీద నిలబడి, పొడుగు కర్రకు కట్టిన రంపంతో బరువైన కొమ్మలన్నీ తీశారు. తొర్ర ఉన్న మొండెం మాత్రం మిగిలింది. దానికి మూడు దిక్కులా తాళ్లు కట్టి, ఒకటి పెద్దామె ఇంటి పిల్లరుకు, ఒకటి చిన్నామె ఇంటి పిల్లరుకు, ఒకటి పక్కనున్న కొబ్బరిచెట్టుకు బిగించారు. చిలుకలు అంతసేపూ తీగ మీద కూర్చుని మమ్మల్ని తిట్టాయి. స్కూటీ వీధిలోకి మారింది.

వారం తిరక్కుండానే, మధ్యాహ్నం రెండు గంటలకు గాలిదుమారం లేచింది. మా రేకుల మీద రాళ్లవాన పడుతుంటే చిన్నామె నుంచి ఫోను వచ్చింది. “అక్కా, మా దిక్కు తాడు లూజైంది, చెట్టు ఊగుతాంది, ఏం చెయ్యాలె?” వెనకాల పెద్దామె అరుపు వినిపిస్తోంది: “ఏయ్, దగ్గరికి పోకు! లోపలికి రా! మా ఇంట్లకు రా!” మా ఆయన వానలోనే బండి తీశాడు. మేం చేరేసరికి గాలి తగ్గింది. చెట్టు నిలిచే ఉంది. తోడికోడళ్లిద్దరూ పెద్దామె గడపలో ఒకే గొడుగు కింద నిలబడి, లూజైన తాడును ఎవరు చూసుకోవాల్సిందో నేరుగా ఒకరితో ఒకరు పోట్లాడుకుంటున్నారు. మా ఆయన అవసరం ఎవరికీ లేకపోయింది. ఆయన ముఖంలో అంత ప్రశాంతత నేను నిఖా రోజు కూడా చూడలేదు. తాడు బిగించి వచ్చేశాడు.

చిలుక పిల్లలు ఎగిరిపోయాయని పెద్దామె ఫోను చేశాక, కాక మళ్లీ పరకాల నుంచి వచ్చాడు. ఆయనా మా ఆయనా కలిసి మోడును ముక్కలుగా దించారు. మొదలు లోపల చూస్తే చేత్తో నలిపితే పొడైపోయే చెక్క. తొర్ర ఉన్న ముక్కను మాత్రం కోయకుండా, పైన రేకుముక్క కొట్టి, డాబా గోడకు ఇనుప పట్టీలతో బిగించారు. చిలుకలు వస్తాయో రావో తెలియదన్నాడు కాక. రాలేదు. గోరింకలు వచ్చాయి. వాటి గోల భరించలేకపోతున్నామని తోడికోడళ్లిద్దరూ ఫిర్యాదు చేస్తారు గానీ, ముక్కను తీసేయమని మాత్రం ఇప్పటిదాకా అడగలేదు.

నర్సరీ ఆయన గ్రూపు తాళం తీశాడు. నేను అందులో నా పేరు పెట్టుకున్నాను, ఫలానావాళ్ల ఇంటామెనని, ఇన్నాళ్లూ రాసింది నేనేనని చెప్పాను. నాతో ఎప్పుడెప్పుడు ఏమన్నారో గుర్తొచ్చినట్టు, ఒక్కొక్కరూ నమస్కారం బొమ్మలు పెట్టారు. మళ్లీ మూడు రోజులకే మామిడిచెట్టు మీద కొట్లాట మొదలైంది, అది వేరే సంగతి. కాక మాత్రం ఇప్పుడు గ్రూపులో రాయడు. నేను ఏ చెట్టు ఫొటో పెట్టినా నేరుగా ఫోను చేసి, పావుగంట తిట్టి, కూరేం వండినవని అడిగి పెట్టేస్తాడు.